స్కెచప్‌లో వంటగట్టు, డాడో టైల్స్: మేస్త్రి కట్టే వరసలోనే గీయండి

స్కెచప్ అనే 3డి బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వంటగట్టు గీస్తూ మీరు అడిగిన రెండు ఇబ్బందులూ నేనూ పడ్డాను. బొమ్మ తిప్పినప్పుడల్లా గట్టు వెనక గోడకు వేసే డాడో టైల్స్ మినుకుమినుకుమనడం ఒకటి, సింకుకు రంధ్రం కొడితే కింది కప్‌బోర్డు కూడా పాడవడం ఇంకొకటి. ఒంగోలులో అమ్మావాళ్ల వంటిల్లు తిరగకట్టించినప్పుడు మొత్తం స్కెచప్‌లో నేనే గీశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మినుకుమనడానికి కారణం చిన్నదే. మీరు గోడ మీదే, మందం లేకుండా ఇంకో పలకలా టైల్స్ గీశారు. రెండు తలాలు ఒకే చోట ఉంటే ఏది ముందు చూపించాలో సాఫ్ట్‌వేర్‌కు తేలదు. టైల్స్‌కు మందం ఇవ్వండి, ఆగిపోతుంది. ఇక రంధ్రం సంగతి. స్కెచప్‌లో ఒకదానికొకటి తాకిన గీతలు అతుక్కుపోతాయి. అందుకే అలా అతుక్కోకుండా కప్‌బోర్డులు ఒక గ్రూపు, రాయి ఒక గ్రూపు, టైల్స్ ఒక గ్రూపు చేసుకోండి. తర్వాత రాయి గ్రూపు మీద డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లి, సింకు కటౌట్ కొలతతో దీర్ఘచతురస్రం గీసి, తలాన్ని నొక్కే, లాగే పుష్ పుల్ టూల్‌తో రాయి అడుగు దాకా నొక్కితే రాయికి మాత్రమే రంధ్రం పడుతుంది. సింకు బయటి అంచు కొలత వేయకండి. పైనుంచి కూర్చునే సింకుకు కటౌట్ ఆ బయటి అంచు కంటే చిన్నగా ఉండాలి.

అసలు మెలకువ మాత్రం వరసలో ఉంది. మన దగ్గర ముందు రాయి పరుస్తారు, దాని మీద నిలబెట్టి డాడో టైల్స్ వేస్తారు. మీరూ అలాగే గీయండి. 18 మి.మీ. రాయి, దాని మీద కూర్చున్న టైల్స్. టైల్ మందం 8 మి.మీ. దాకా ఉంటుంది, వెనక సిమెంటు కలిపితే గోడ నుంచి దాదాపు 20 మి.మీ. ముందుకొస్తుంది. అంటే 24 అంగుళాల గట్టు మీద మనకు మిగిలేది 23 పైచిలుకే. సింకు వెనక కుళాయి పెట్టాలనుకుంటే ఆ ముప్పావు అంగుళం చాలా పెద్దది.

నేను దెబ్బతిన్నది టైల్ కొలత దగ్గర. షాపులో అందరూ 12 బై 18 అంటారు. నేనూ అంగుళాల్లోనే గీశాను. టైల్‌ను అడ్డంగా పెడితే ఎత్తు 12, రెండు వరసలు అంటే సరిగ్గా 24 అంగుళాలు. పైన కప్‌బోర్డు అడుగు కూడా రాయి నుంచి 24 అంగుళాలకే పెట్టాను. బొమ్మలో ఎంత ముచ్చటగా కుదిరిందో! కానీ పెట్టె మీద రాసి ఉన్న కొలత 300 బై 450 మి.మీ. రెండు వరసలకు 600, రాయి దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి 2 మి.మీ. సందులు కలిపితే 604. మనకు కావలసిన 24 అంగుళాలంటే 610 దగ్గర. కార్పెంటర్ నా కొలత ప్రకారమే కప్‌బోర్డులు బిగించాడు, కింద పావు అంగుళం గోడ బోసిగా మిగిలిపోయింది. దాన్ని వైట్ సిమెంటుతో పూడ్చారు. ఆరు నెలలు తిరక్కుండానే పోపు పొగకు, నూనెకు నల్లబడింది. అమ్మ ఇప్పటికీ పాత టూత్‌బ్రష్ పట్టుకుని ఆ సన్నటి గీతను రుద్దుతూ కనిపిస్తుంది. చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

అందుకే టైల్‌ను మిల్లీమీటర్లలో, సందుతో సహా గీయండి. ఒక్క టైల్‌ను కాంపోనెంట్‌గా చేసి కాపీలు వేసుకుంటే, ఒకదాని లోపలికి వెళ్లి కొలత మార్చినా అన్నీ ఒకేసారి మారతాయి. చివర ఎంత ముక్క మిగులుతుందో, స్విచ్ బోర్డు ఏ టైల్ మధ్యలో పడుతుందో అప్పుడే కనిపిస్తుంది. రెండు వేళ్ల వెడల్పు ముక్క మిగిలితే గోడ మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులా సమానంగా పంచండి.

రాయి రంగు గురించి కూడా ఒక మాట. మేం చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించాం. ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు ఆవగింజంతే ఉంటాయి. నేను తీసిన ఫోటోను టెక్స్చర్‌గా, అంటే బొమ్మలోని రాయికి పైపూతలా వేస్తే అవి రూపాయి బిళ్లలంత వచ్చాయి, అమ్మ ఈ రాయి వద్దే వద్దంది. ఫోటోలో పడిన రాయి అసలు వెడల్పు ఎంతో టేపుతో కొలిచి, మెటీరియల్ ఎడిట్‌లో అదే అంకె ఇచ్చాక సరిపోయింది. ముందు అంచు గుండ్రంగా కావాలంటే, గీసిన ఆకారాన్ని అంచు వెంట నడిపించే ఫాలో మీ టూల్ వాడండి.

ఎల్ ఆకారపు గట్టును ఒకే ముక్కగా గీయకండి. రాయి ఎలాగూ అతుకుతోనే వస్తుంది. ఆ అతుకు సింకు దగ్గర పడకుండా బొమ్మలోనే చూసుకోండి.

తర్వాత చెల్లి వాళ్ల ఫ్లాట్‌కు గీసినప్పుడు కప్‌బోర్డు అడుగును రాయి నుంచి ఇరవై మూడున్నర అంగుళాలకే పెట్టాను. టైల్ పై అంచు 7 మి.మీ. దాని వెనక్కి వెళ్లిపోయింది. కెమెరా మెనూలో, దూరమైనవి చిన్నగా కనిపించకుండా చేసే పారలల్ ప్రొజెక్షన్ పెట్టి, గోడను ఎదురుగా చూస్తూ కొలతలు వేసి ప్రింటు ఇచ్చాను. టైల్స్ మేస్త్రి ఆ కాగితాన్ని కిటికీ ఊచకు గుచ్చి, వరస వరసకూ టేపు పెట్టి చూసుకున్నాడు.