వికీపీడియాలో రాసిన వ్యాసం సగం తీసేశారు, మళ్లీ రాయాలా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టులో భాగంగా వికీపీడియాలో ఒక రచయిత్రి గురించి వ్యాసం రాశాను. ప్రచారంలా ఉంది, మూలాలు సరిపోవు అని రెండు రోజుల్లో సగం తీసేశారు. చాలా టెన్షన్‌గా ఉంది. మళ్లీ రాయాలా? అసలు ఈ పని ఉద్యోగానికి పనికొస్తుందా? వ్యాసం జతచేశాను.

జవాబు: మళ్లీ రాయమ్మా. నువ్వు రాసింది ఎక్కడికీ పోలేదు, వ్యాసం పైన ‘చరిత్ర’ నొక్కి చూడు, పాత కూర్పు అక్కడే ఉంటుంది, ఎవరు ఏ వాక్యం తీశారో కనిపిస్తుంది, ఎందుకు తీశారో పక్కన చిన్న గమనిక కూడా సాధారణంగా ఉంటుంది. ముందు అది నింపాదిగా చదువు. అర్థం కాకపోతే ఆ వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి దానికి జతగా ఉండే చర్చాపేజీలో అడుగు, అంతేగానీ ఉక్రోషంతో ఆ మార్పును రద్దు చేయకు. వాళ్లు తీయడం, నువ్వు పెట్టడం ఇలాగే సాగితే చివరికి నీ ఖాతాను నిరోధిస్తారు.

వ్యాసం చదివాను. మొదటి వాక్యమే "అద్భుతమైన కలంతో లక్షలాది పాఠకుల మనసు గెలిచిన గొప్ప రచయిత్రి". లక్షలాది అని ఎవరు లెక్కపెట్టారు? అద్భుతం అన్నదెవరు? నువ్వే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆమె ఎన్ని నవలలు రాసింది, ఏది ఏ ఏడాది అచ్చయింది, ఏ పురస్కారం వచ్చింది, ఏ విమర్శకుడు ఏ పత్రికలో ఏమన్నాడు, ఇవి రాస్తే చాలు, గొప్పదో కాదో చదివేవాళ్లు తేల్చుకుంటారు. మెచ్చుకోలు ఉండొచ్చు, కాకపోతే మెచ్చుకున్నవాళ్ల పేరుతో ఉండాలి, తప్పుబట్టినవాళ్లుంటే అదీ అలాగే రాయాలి. ఏ పక్షమూ వహించకుండా రాయాలన్న ఈ వికీపీడియా నియమాన్ని తటస్థ దృక్కోణం అంటారు, అంటే మెప్పూ విమర్శా చెరిసగం అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. నమ్మదగిన మూలాల్లో ఏ అభిప్రాయానికి ఎంత బరువుందో వ్యాసంలోనూ దానికి అంతే చోటు.

ఇక మూలాలు. నువ్వు ముందు వ్యాసం రాసేసి, తర్వాత లింకులు వెతికి అతికించినట్టున్నావు. ఈసారి తిరగేసి చెయ్యి. ఆమెతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఆమె గురించి వివరంగా రాసినవి మూడు నాలుగు ముందు చేతిలో పెట్టుకో, అవి దొరక్కపోతే ఇంకో విషయం ఎంచుకో, ఎంత బాగా రాసినా ఆ వ్యాసం నిలవదు. నువ్వు ఇచ్చిన మూడు వార్తల్నీ పక్కపక్కన తెరిచి చూశాను, రెండో పేరా మూడింటిలోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. అంటే ఒకే పత్రికా ప్రకటన మూడు చోట్ల అచ్చయింది, అది ఒక్క మూలం కిందే లెక్క. నాలుగోది వికీపీడియా చూసి రాసిన బ్లాగు, అది మళ్లీ వికీపీడియాకే ఆధారం ఎలా అవుతుంది? చాట్‌బాట్‌ని అడిగి మూలాలు తెచ్చుకునేటట్టయితే ఇంకా జాగ్రత్త, లేని పుస్తకానికి పేజీ నంబరు కూడా చెప్పేస్తుంది. నువ్వు కళ్లారా చదవనిదేదీ మూలంగా పెట్టకు. చదివాక పుస్తకం మూసేసి నీ మాటల్లో రాయి, ఉన్న వాక్యాన్నే అటూ ఇటూ తిప్పితే అది కాపీ కిందికే వస్తుంది.

ఉద్యోగం సంగతి. వికీపీడియాలో రాశానంటే చాలు అని ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు, కానీ పత్రికల డెస్కులో, ఫ్యాక్ట్ చెకింగ్‌లో, టెక్నికల్ రైటింగ్‌లో, లైబ్రరీల్లో రోజూ చేసేది ఇలాంటి పనే. రెజ్యూమెలో వ్యాసం లింకుతో పాటు చర్చాపేజీ లింకు కూడా పెట్టు. అభ్యంతరం వచ్చినప్పుడు నువ్వు ఎలా జవాబిచ్చావో, ఏం దిద్దుకున్నావో అక్కడ కనిపిస్తుంది, నేనైతే ముందు అదే చూస్తాను.

చెయ్యి కాస్త తిరిగాక, మా కంపెనీ పేజీ రాసిపెట్టు, డబ్బులిస్తాం అనేవాళ్లు తగులుతారు. డబ్బు తీసుకుని రాస్తే ఎవరిస్తున్నారో అందరికీ కనిపించేలా చెప్పాలని 2014 నుంచి వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా వాడుక నియమాల్లోనే ఉంది. అది దాచమంటే ఆ పని ఒప్పుకోకు. మీ కాలేజీ గురించి, మీవాళ్ల గురించి కూడా నేరుగా రాయకు, చర్చాపేజీలో సూచించు చాలు.

కొత్త కూర్పు ముందు వికీపీడియాలో చిత్తుప్రతి రాసుకోవడానికి ఉండే నీ ప్రయోగశాల పేజీలో రాసుకుని లింకు పంపు, చదివి చెప్తాను.