కళాశాలలో ప్రత్యుత్పత్తి ఆరోగ్య తరగతి: సమాధానం

మేడం గారూ, దేవరకొండలో మీ ఇంటర్ విద్యార్థులు ఈ పాఠం రాగానే తల దించుకుంటున్నారని, ఒకరిద్దరు తల్లిదండ్రులు అభ్యంతరం తెలిపారని రాశారు. నాగర్‌కర్నూల్ వైపు పనిచేసినప్పుడు నాకూ ఇదే ఎదురైంది.

ముందుగా ఒక అట్టపెట్టెకు చీలిక పెట్టి, ప్రశ్నలు రాసి అందులో వేయడానికి అందరికీ ఒకే కొలత చీటీలు ఇవ్వండి. ప్రశ్న లేనివారు కూడా ‘ఏమీ లేదు’ అని రాసి వేయాలన్న నియమం తప్పనిసరి. లేకపోతే ఎవరు వేశారో తక్కినవారు కనిపెట్టేస్తారు. నా తరగతిలో చింతగింజంత చిన్నగా మడిచిన ఒక చీటీలో, ‘నెలసరి సరిగా రావడం లేదు, నాకు పిల్లలు పుట్టరా?’ అని ఉంది. రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లలో నెలసరికి నెలసరికి మధ్య 45 రోజుల వరకు పట్టడం సాధారణమేనని, 90 రోజులు దాటితే మాత్రం వైద్యురాలికి చూపించాలని, అంతమాత్రాన సంతానం కలగదని భయపడనక్కరలేదని చెప్పాను.

మగపిల్లలను వదిలేయకండి. వీర్యం బొట్టు నలభై రక్తపు బొట్లతో సమానమన్న అపోహతో, నిద్రలో జరిగే సహజమైన స్ఖలనాన్ని జబ్బనుకుని గోడప్రకటనల వైద్యుల వద్దకు వెళ్లేది వారే. (ఆ ప్రకటనలు మన బస్టాండ్లలో ఎన్ని ఉంటాయో మీకు తెలియనిది కాదు.)

తల్లిదండ్రుల విషయానికొస్తే, 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం కేంద్రం 2014లో ‘రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్’ ప్రారంభించిందని చెప్పి, రక్తహీనత, బాల్యవివాహం వంటి అంశాలతో మొదలుపెట్టండి. సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఏఎన్‌ఎంను ఆ సమావేశానికి పిలిస్తే, ఊళ్లో ఆమె ముఖం తెలిసినవారే కనుక, అభ్యంతరాలు సగానికి సగం తగ్గుతాయి.