అపార్ట్‌మెంట్‌లో రీలోడింగ్ మొదలుపెడతానన్న చిన్నాకి

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాల్లో (వాటినే కేసులంటాం) మళ్ళీ మందు నింపి తూటాలు చేసుకునే ఈ రీలోడింగ్ నీకు సరే. హెచ్1బీ మీద ఉండగా అడిగుంటే వద్దనేవాణ్ణి. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పితే ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తూటాలు దగ్గర ఉంచుకోవడమే అమెరికాలో ఫెడరల్ నేరం. ముందు నీ లీజు చదువు. ఇంట్లో పౌడరు, అంటే తుపాకి మందు, ఉండకూడదని ఉంటే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచెయ్.

హ్యాండిల్ ఒక్కసారి లాగితే పనులన్నీ ఒకేసారి జరిగే ప్రోగ్రెసివ్ ప్రెస్ (తూటాలు చేసే యంత్రం) కొంటానన్నావు. వద్దురా. నెలకోసారి రేంజికెళ్ళి వంద కాల్చేవాడికి అదెందుకు? సింగిల్ స్టేజ్ చాలు. హ్యాండిల్ లాగితే ఒక్క పనే అవుతుంది. యాభై కేసులకీ సైజింగ్, అంటే కేసుని మళ్ళీ అసలు కొలతకి నొక్కడం, అయ్యాకే తర్వాతి పని. నీకున్న కాస్త చోటులో ఒకసారికి ఒక సామానే బల్ల మీద ఉంటుంది.

ప్రెస్‌ని మందపాటి చెక్కకి బోల్టులతో బిగించి, ఆ చెక్కని క్లాంపులతో బల్లకి పట్టించు. పనయ్యాక అలాగే విప్పి అలమరాలో పెట్టేయొచ్చు. లోపల అట్ట నింపిన తేలిక బల్లలు మాత్రం పనికిరావు, హ్యాండిల్ లాగినప్పుడల్లా ఊగుతాయి. మీ పెద్దమ్మ డైనింగ్ టేబుల్‌కి నేను పెట్టిన గాట్ల సంగతి ఇంకా వింటూనే ఉన్నాను.

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే తక్కెడ మీద పెట్టు. పౌడరు తూచేది గ్రెయిన్లలో, పౌండుకి 7000. ఏసీ గాలి తగిలినా ముల్లు కదులుతుంది. తూకపు రాళ్ళతో ప్రతిసారీ సరిచూసుకో. ఎంత పౌడరు పోయాలన్నది రీలోడింగ్ మాన్యువల్‌లో ఉన్న స్టార్టింగ్ లోడ్‌తోనే (మొదట పోయమని చెప్పే తక్కువ కొలతతోనే) మొదలుపెట్టు.

నీ రివాల్వర్‌లో వాడేది 38 స్పెషల్ రకం తూటా కదా, అసలు భయం అక్కడే. కేసు పెద్దది, వేగంగా మండే పౌడరు పోసేది కొంచెం. పొరపాటున రెండుసార్లు పోసినా కేసులో ఇమిడిపోతుంది, కాల్చినప్పుడు రివాల్వరే పగలొచ్చు. అందుకే కేసులన్నీ లోడింగ్ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి ఒక్కోదాన్నీ చూడు. నేను ఇప్పటికీ చూస్తాను.

బల్ల మీద ఒక్క పౌడరు డబ్బానే ఉండాలి. ఒకసారి రెండు డబ్బాలు తెరిచి, మిగిలింది ఏ డబ్బాలో పోశానో గుర్తులేక రెండూ పారేశాను.

పౌడరూ, దాన్ని అంటించే ప్రైమర్లూ కొన్న ప్యాకింగుల్లోనే ఉండాలి. అపార్ట్‌మెంట్లలో ఖాళీగా కనిపించే చోటు వాటర్ హీటర్ గదే, అక్కడ మాత్రం వద్దు.

కాల్చిన కేసుల మీద సీసం ఉంటుంది. కేసుల్ని పొడి గింజల్లో వేసి తిప్పి శుభ్రం చేసే టంబ్లర్ దుమ్ము రేపుతుంది, పాకే పిల్ల ఉన్న ఇంట్లో అది కూడదు. నీళ్ళతో కడిగే రకం తీసుకో. వంటింట్లో ఈ పని పెట్టుకోకు, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో.

స్నేహితులకి చేసి అమ్ముతాననకు, దానికి వేరే ఫెడరల్ లైసెన్సుండాలి.

ఆదివారం రా. నా పాత ప్రెస్ గ్యారేజీలో ఊరికే పడుంది, పట్టుకెళ్ళు. ప్రెస్‌లో బిగించే అచ్చులు, అదే డైలు, మాత్రం నువ్వే కొనుక్కో. కార్బైడ్‌వి అడుగు, కేసులకి జిడ్డు రాసే పని తప్పుతుంది.