మత్తు ఆపి మూడు రోజులైనా తెలివి రాలేదంటే మెదడు దెబ్బతిన్నట్టేనా?

వైరల్ న్యుమోనియాతో 12 రోజులుగా వెంటిలేటర్ మీదున్న మీ నాన్నగారికి మత్తు ఆపి 3 రోజులైనా తెలివి రాలేదని, మెదడు దెబ్బతిందా అని అడిగారు. ఇంత తొందరగా ఆ మాట అనలేం. ఐసీయూలో మొదట అనుమానించాల్సింది మందుల్ని.

ఏ మత్తు ఇచ్చారో అడగండి. ప్రొపోఫాల్ త్వరగా దిగుతుంది. మిడజోలం రోజుల తరబడి ఎక్కిస్తే కొవ్వులో పేరుకుంటుంది. కిడ్నీలు మందగిస్తే అది విరిగాక మిగిలే పదార్థం కూడా బయటికి పోక మత్తునిస్తూనే ఉంటుంది. మందు ఎక్కించే పంపు ఆపాక తెలివి రావడానికి రోజులు పట్టేది అందుకే. కిడ్నీకి తగ్గట్టు డోసు తగ్గించకపోతే సెఫిపైమ్ అనే యాంటీబయాటిక్ కూడా మనిషిని మగతలోకి నెడుతుంది. షుగర్, సోడియం, అమ్మోనియా, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎలాగూ చూస్తారు.

తెలివి లేదా, లేక కదలలేకపోతున్నారా? చాలామంది పొరబడేది ఇక్కడే. గోటి మీద గట్టిగా నొక్కితే ముఖం చిట్లించి, చెయ్యి మాత్రం లాక్కోకపోతే నరాలు, కండరాలు నీరసించి ఉండొచ్చు. అలాంటివాళ్లు ‘చెయ్యి నొక్కండి’ అంటే నొక్కలేరు. ‘కళ్లు గట్టిగా మూయండి, నాలుక చాపండి’ అని చెప్పి, పది పదిహేను సెకన్లు ఆగి చూడాలి.

ఒక కనుపాప పెద్దదైనా, ఒక పక్క కాలూచెయ్యీ మాత్రమే కదులుతున్నా ఆలస్యం చేయకుండా మెదడుకి సిటీ స్కాన్ తీయాలి. జబ్బు తీవ్రతకు రక్తం గడ్డకడుతుంది, దానికని గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఇస్తారు. అందుకే మెదడులో రక్తపు గడ్డ, రక్తస్రావం రెండిటికీ అవకాశం ఉంటుంది. రెప్పలు సన్నగా అదురుతున్నా, చూపు ఒకవైపే నిలిచిపోయినా అవి ఫిట్స్ కావచ్చు, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల్ని నమోదు చేసే పరీక్ష) అడగండి. అరగంట రికార్డింగ్ బాగున్నంత మాత్రాన ఫిట్స్ లేవనలేం, 24 గంటలు పెడితే మేలు. సిటీలో ఏమీ లేకపోయినా తెలివి రాకపోతే, కదిలించగలిగే స్థితిలో ఉంటే ఎమ్మారై చేయాలి. అందులో చుక్కల్లాంటి రక్తస్రావాలు కనిపించినంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. తీవ్రమైన కోవిడ్‌లో వారాల తర్వాత తెలివొచ్చినవాళ్లున్నారు.

కళ్లు తెరిచాక డెలీరియం, అంటే జబ్బువల్ల ధ్యాస నిలవని అయోమయం, ఉందేమో చూడాలి. అరిచి ట్యూబులు పీకేవాళ్లని అందరూ గమనిస్తారు. ఉలుకూపలుకూ లేకుండా పడుకున్నవాళ్లని మాత్రం ‘ప్రశాంతంగా ఉన్నారు’ అనేస్తారు. పది ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ, ‘ఎ’ వినగానే చెయ్యి నొక్కమనాలి. నొక్కలేకపోతే కన్ను మూయమనాలి. రెండుకు మించి తప్పితే ధ్యాస నిలవట్లేదన్నట్టు. కళ్లజోడు, వినికిడి మిషను పెట్టండి, పగలు వెలుతురు పడనివ్వండి. నిద్ర పట్టట్లేదని మళ్లీ మిడజోలం ఇస్తే కథ మొదటికొస్తుంది.