కండరాల జబ్బుకు క్యాన్సర్ పరీక్షలు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్ళు. కొన్ని నెలలుగా కింద కూర్చుంటే లేవలేకపోతోంది, జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవడం లేదు. కనురెప్పలు ఊదారంగుకు తిరిగాయి, వేళ్ళ కణుపుల మీద ఎర్రటి దద్దుర్లు. డెర్మటోమయోసైటిస్ (కండరాలకూ చర్మానికీ వాపు వచ్చే జబ్బు) అని చెప్పి స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. ఇప్పుడు క్యాన్సర్ ఉందేమో చూడాలని స్కాన్లు, మామోగ్రామ్ రాశారు. కండరాల జబ్బుకీ క్యాన్సర్‌కీ ఏమిటండీ సంబంధం? బిల్లు కోసమేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బిల్లు కోసం కాదమ్మా. ఆ పరీక్షలు రాయకపోతేనే నేను అనుమానపడేవాడిని.

స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ రికార్డులన్నీ కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో ఈ జబ్బున్న 618 మందిలో 198 మందికి క్యాన్సర్ కనిపించింది, కొందరికి కండరాల జబ్బు కన్నా ముందే, కొందరికి తర్వాత. అంటే మిగతా 420 మందికి లేదు, ముందు అది గుర్తుపెట్టుకోండి. ఎక్కువగా బయటపడేవి అండాశయం, ఊపిరితిత్తులు, క్లోమం, జీర్ణాశయం, పెద్దపేగు క్యాన్సర్లు, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్). చిన్నపిల్లల్లో వచ్చే డెర్మటోమయోసైటిస్‌కి మాత్రం ఈ లంకె లేదు.

ఎందుకిలా అంటే, ఎక్కడో మొదలైన క్యాన్సర్ గడ్డ మీద మన రోగనిరోధక శక్తి చేసే దాడి దారి తప్పి కండరాల మీదా చర్మం మీదా పడుతోందని ఎక్కువమంది నిపుణుల అంచనా. అందుకే క్యాన్సర్ దొరికి, దానికి వైద్యం జరిగాక కండరాల బలం కూడా తిరిగొచ్చినవాళ్ళున్నారు.

మయోసైటిస్ యాంటీబాడీల రక్తపరీక్ష చేశారా, మీ రుమటాలజిస్టుని అడగండి. ఆ యాంటీబాడీల్లో టిఫ్1-గామా గానీ ఎన్‌ఎక్స్‌పీ2 గానీ పాజిటివ్ వస్తే మరింత గట్టిగా వెతకాలి. ఛాతీ, పొట్ట, పొత్తికడుపు సీటీ, మామోగ్రామ్, పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం పరీక్ష), అండాశయాల స్కాన్, సీఏ-125 అనే రక్తపరీక్ష... అమ్మ వయసుకి ఇవన్నీ సబబే. ఒకవేళ గర్భసంచి ఎప్పుడో తీసేసి ఉంటే, ఇక అండాశయాల స్కాన్ ఎందుకని మానేయకండి, అండాశయాలు ఉంచేసి ఉండొచ్చు. ఇప్పుడు అన్నీ నార్మల్ వచ్చినా ఫైలు అటకెక్కించొద్దు. మొదటి ఏడాది రిస్కు అన్నిటికన్నా ఎక్కువ, మూడేళ్ళ దాకా డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్ళీ చూపించాలి. బరువు తగ్గినా, మోషన్‌లో రక్తం పడినా, నెలసరి ఆగాక బ్లీడింగ్ కనిపించినా అంతవరకూ ఆగకుండా వెళ్ళండి.

అమ్మకి చెప్పాలా అని మీరు అడగలేదు గానీ, చెప్పేయండి. ఇన్ని స్కాన్లు తిప్పుతుంటే ఆవిడకి అర్థం కాదనుకోవడం మన భ్రమ.

ముఖం ఉబ్బిందనో షుగర్ పెరిగిందనో స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, అలా ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఇక తింటుంటే పొలమారడం, నీళ్ళు ముక్కులోంచి రావడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.