హైపో అంటే ఏ హైపో?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది చెన్నైలో విల్లివాక్కం. మా అబ్బాయి ముచ్చటపడితే కొళత్తూరులో గాజుతొట్టి, నాలుగు గోల్డ్‌ఫిష్ కొన్నాం. లారీ నీళ్ళు మార్చిన మర్నాడే రెండు చనిపోయాయి. 'నీళ్ళలో హైపో కలపాలమ్మా' అన్నాడు దుకాణదారు. ఆసుపత్రిలో పనిచేసే మా పక్కింటావిడ 'హైపో మా దగ్గర ఉంది' అంటూ ఒక సీసా తెచ్చి ఇచ్చింది. మూత తీస్తే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. భయం వేసి ఆగిపోయాను. మా నాన్నగారు ఫొటోలు కడిగే హైపోకు ఈ వాసన ఉండేది కాదు. ఇంతకీ ఏది హైపో?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆగిపోయి మంచి పని చేశారు. ఆ సీసాలోది పోసి ఉంటే మిగిలిన రెండు చేపలూ దక్కేవి కావు. అది సోడియం హైపోక్లోరైట్. ఆసుపత్రుల్లో నేల తుడవడానికి వాడతారు, పేరు పొడుగని 'హైపో' అనేస్తారు. మీకు కావలసింది సోడియం థయోసల్ఫేట్. మొదటిది నీళ్ళలోకి క్లోరిన్‌ను తెస్తుంది, రెండోది లారీ నీళ్ళలో ఉన్న క్లోరిన్‌ను పోగొడుతుంది. పూర్తిగా ఎదురెదురు గుణాలున్న రెండింటిని ఒకే పేరుతో పిలవడం నాకు ఎప్పుడూ ఆందోళన కలిగించే విషయం.

థయోసల్ఫేట్‌కు ఆ పేరు ముందునుంచీ ఉంది. పూర్వం దాన్ని హైపోసల్ఫైట్ ఆఫ్ సోడా అనేవారు. నీళ్ళలో కరగని వెండి లవణాలను ఇది కరిగిస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లో గమనించాడు. 20 ఏళ్ళ తర్వాత, 1839లో, ఆ గుణమే ఫొటోలను నిలబెట్టింది. గూడూరులో మా మేనమామ స్టూడియోలో ఎర్రబల్బు వెలుగులో నేనూ చూశాను. హైపో తొట్టిలో వేసిన ఫిల్ము మీద పాలపొర అంచుల నుంచి మెల్లగా విడిపోయి, అడుగున బొమ్మ తేటగా కనిపించేది. వెలుతురు తగలని వెండి లవణం అలా కరిగిపోతే, ఆ తర్వాత ఎంత ఎండలో పెట్టినా ఫొటో నల్లబడదు.

మీ తొట్టిలో అది చేసే పని వేరు. అక్కడ అది క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్లను ఇచ్చేది. క్లోరిన్ వాటిని అందుకుని క్లోరైడ్‌గా మారుతుంది. మన వంట ఉప్పులో ఉండేదీ క్లోరైడే. చేపల మొప్పలను కాల్చేది క్లోరిన్, క్లోరైడ్ కాదు. 31 ఏళ్ళు కాలేజీ ల్యాబులో పిల్లలకు ఈ గుణాన్ని అయోడిన్‌తో చూపించాను. గంజి కలిపి ముదురు నీలంగా ఉన్న ద్రావణంలోకి బ్యూరెట్ అనే కొలతగీతల గాజుగొట్టం నుంచి హైపో చుక్క చుక్కగా పడుతుంది. చివరి ఒక్క చుక్కకు నీలం మొత్తం మాయమవుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు. చొక్కాకు అంటిన అయోడిన్ మరక పోవడానికీ ఇదే హైపో నీళ్ళు చాలు. సయనైడ్ విషానికి డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్లలోనూ ఇది ఉంది.

దుకాణంలో అడిగేటప్పుడు 'హైపో పలుకులు' అని అడగండి. కలకండలా తెల్లగా, పారదర్శకంగా ఉంటాయి. వాసన ఉండదు. గుర్తుపట్టడానికి మాత్రమే, స్టీలు గ్లాసులో రెండు చెంచాలు వేసి నీళ్ళు పోసి తిప్పితే గ్లాసు చేతికి చల్లగా తగులుతుంది. ఇక తొట్టికి ఎంత కావాలంటే, లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే ఏడు మిల్లీగ్రాముల హైపో సరిపోతుంది. ఆ లెక్కన 50 లీటర్లకు గ్రాములో మూడో వంతు. టీ చెంచాడు అంటే నాలుగైదు గ్రాములు, కాబట్టి చెంచాలతో కొలవకండి, నాలుగు పలుకులు చాలు. తొట్టిలో నేరుగా వేయవద్దు. బకెట్టులో పట్టిన నీళ్ళలో ముందు కరిగించి, బాగా కలిపి, కాసేపు ఉంచి, అప్పుడు పోయండి. ఒకేసారి నీళ్ళన్నీ మార్చకుండా, పావు వంతు చొప్పున మార్చండి.

ఇంకొక్క మాట. ఈ పలుకులు 48 డిగ్రీల దగ్గర తమలోని నీటిలోనే కరిగిపోతాయి. అందుకని చెన్నై ఎండల్లో మేడమీది రేకుల గదిలో పెట్టకండి. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు తగలనివ్వకండి. తగిలితే గంధకం పాలలా విరిగి, ఘాటైన వాయువు వస్తుంది.

పక్కింటావిడకు ఆ సీసా ఈరోజే తిరిగి ఇచ్చేయండి. దానిమీద పూర్తి పేరు రాసి మరీ ఇవ్వండి.