అల్లునికి, నల్ల బీర్ల ముచ్చట

అల్లుడా,

చండూరు తోటల దోస్తులందర్ని కూసోబెట్టి నల్ల బీర్లు రుచి చూపిస్తున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. పక్కింటోళ్లు ఇంటరేమోనని గొంతు తగ్గించి మరీ చెప్పింది. నాకు నవ్వొచ్చింది, ఎంబడే గుబులు కూడా పుట్టింది. ఒక్కొక్క సీసా రుచి నోటుబుక్కుల రాసుకుంటవట గదా. మన ఖాందాన్ల తాగినోళ్లకు కొదవ లేదు గాని, తాగి రాసుకున్నోడు నువ్వే మొదలు. ఆబ్కారీల నౌకరి చేసి రిటైరైన మేనమామ ఉండంగ నీకు ఇంకొకరు చెప్పుడేంది అని కాయితం తీసిన.

చిన్న ముచ్చట్లు ముందుగాల. అమెరికా నుంచి వచ్చే నీ దోస్తు సుంకం లేకుంట తెచ్చుకునేది మనిషికి 2 లీటర్లే. 330 మిల్లీలీటర్ల సీసాలైతే ఆరు. ఏడోది పెట్టెల కుక్కితే విమానాశ్రయంల సుంకం కట్టాలె. 21 ఏండ్లు నిండనోణ్ని తోట గేటు దాటనియ్యకు, మీ తమ్మునితో సహా. ఖాళీ కడుపుతోని ఎవరూ గ్లాసు ముట్టొద్దు.

ఇగ అసలు సంగతి. మామూలు బీరుల ఆల్కహాల్ 5 శాతం ఉంటది. నువ్వు తెప్పిస్తున్న ఇంపీరియల్ స్టౌట్ అనే గట్టి నల్ల బీరుల 8 నుంచి 12, కొన్నిట్ల ఇంకా పైకి. 18వ శతాబ్దంల లండన్ బట్టీలల్ల గట్టిగ కాసి రష్యా రాణి కేథరిన్ దర్బారుకు పంపేటోళ్లు, ఇంపీరియల్ అనుడు అట్ల వచ్చింది. ఆ నలుపు బార్లీది. మొలకెత్తించి, ఎండబెట్టి, మాడే దాకా ఏంచుతరు. కోకో వాసన సగం ఆ ఏంచుడుతోనే వస్తది. అందుకే మొదటి సీసా ఏమీ కలపనిది తెరువు. బార్లీ ఒక్కటే ఎంత పని చేస్తదో నాలుకకు తెలిసినంక కోకో గింజల ముక్కలు నానబెట్టినది పొయ్యి. దాని ఎనక దాల్చినచెక్క, వనిల్లా ఉన్నది. మిరపకాయది ఆఖరుకు.

ఆ మిరప మన గుంటూరు మిరప కాదు, భయపడకు. ఆంచో అని మెక్సికోది, నల్లగ ముడతలు పడి ఉంటది, కిస్మిస్ వాసన, కారం తక్కువ. అయినా ముందే తాగితే నాలుక మొద్దుబారి తర్వాతవన్నీ ఒక్కతీరే అనిపిస్తయి. మంట నీళ్లతోని పోదు, పెరుగు గిన్నె దగ్గర పెట్టుకో. ఐసు ఎయ్యొద్దు. 10 నుంచి 13 డిగ్రీల మధ్యల ఉంటేనే వాసన ఇప్పుకుంటది, మన ఎండకు ఫ్రిజ్ల నుంచి తీసిన కాసేపటికే ఆ వేడికొస్తది. గ్లాసుకు 50 మిల్లీలీటర్లు, మూతి ముడుచుకున్న గ్లాసైతే మంచిది. ముందు ముక్కుకు, తర్వాతనే నోటికి. కల్లు సాంపిల్ తీసేటప్పుడు మేం కూడా గంతే. మహబూబ్‌నగర్ దిక్కు క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు పట్టుకున్న రోజులల్ల ముక్కే మాకు మొదటి సాక్షి.

నా మాట అడిగితే, దాల్చినచెక్క దండిగ ఏసిన బీరు బిర్యానీ గంజు కడిగిన నీళ్ల లెక్కుంటది. నీకు నచ్చితే నచ్చిందనే రాసుకో. మసాలా వాసనలు ఏండ్లు గడిస్తే తగ్గుతయి, దాచిపెట్టకు.

ఇప్పుడు మీ నాయన ముచ్చట. ఆయన నీకు చెప్పి ఉండడు.

మా అక్కను చేసుకున్న కొత్తల, చలికాలం. ఫౌజు నుంచి సెలవు మీద వచ్చిన దోస్తు హాలియా కాడ ఇంటికి పిలిచిండు. వేడి పాలల్ల చాక్లెట్ పొడి, బెల్లం, దాల్చినచెక్క ఏసి, మీదికెల్లి మిలిటరీ రమ్ము పోసిండు. మీ నాయన అప్పటిదాకా కల్లు తప్ప ముట్టలే. రెండు లొట్ల ఈతకల్లు తాగినా అడుగు తప్పని మనిషి, అదే ధీమా. ఇది తియ్యగున్నది, గొంతుల మంట లేదు, పిల్లలు తాగే పాల తీరుగ పోతున్నది. స్టీలు గ్లాసు ఎన్నిసార్లు నిండిందో ఆయనకే యాది లేదు. లేచేటప్పుడు మంచిగనే లేచిండట. లూనా ఎక్కి సాగర్ ఎడమ కాలువ కట్ట పట్టిండు. నిషా ఎక్కుడు ఎంబడే ఉండదు బిడ్డా, అరగంట, గంట పడుతది. కట్ట మీద సగం దూరం పోయినంక ఎక్కింది. కాలువల నీళ్లు ఇడిసిన రోజులు. బండి నీళ్లల్ల పోయింది, మనిషి రాళ్ల మీద పడ్డడు. మడికి నీళ్లు పెట్టనీకి వచ్చిన రైతు బ్యాటరీ లైటు కొట్టి చూసిండు గాబట్టి బతికిండు.

పొద్దుగాల నేను దవాఖానకు పోయేసరికి నోట్లకెల్లి ఇంకా దాల్చినచెక్క వాసనే. "ఈయన పాయసం తాగొచ్చిండా?" అని నర్సు అడిగింది. మా అక్క గోడకు ఆనుకొని కూసున్నది, పుస్తె పిడికిట్ల పట్టుకొని, మాట లేదు పలుకు లేదు. మీ నాయన ఎడమ చేత్తో బిందె లేపకపోవుడు నువ్వు చూసినవ్ గదా. నాగలి తాకిందని నీకు చెప్పిండు. అది నాగలి కాదు.

అందుకే కోప్పడుతున్న. 12 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాల అసలు ఆల్కహాల్ దగ్గర దగ్గర 40 మిల్లీలీటర్లు. 650 మిల్లీలీటర్ల మామూలు పెద్ద బీరుల 32. చిన్న సీసానే బరువు, చాక్లెట్ తీపి ఆ సంగతి నోటికి తెలియనియ్యదు. రక్తంల 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే 10,000 జుర్మానా, లేకుంటే ఆరు నెలల జైలు, ఒక్కోసారి రెండూ. పోలీసోళ్లను తప్పించుకుంటవేమో, చిట్యాల దాటినంక హైవే మీది లారీలను తప్పించుకోలేవు.

మొదటి సీసా మూత తియ్యకముందే అందరి బండ్ల తాళాలు అడిగి తీసుకో. సిగ్గుపడకు, మామ చెప్పిండని నా మీదికి తొయ్యి. తుఫాన్ బండి మాట్లాడిన, డ్రైవరు మందు ముట్టని పిల్లగాడు, రాత్రి పదికల్లా తోట కాడ ఉంటడు. కిరాయి నువ్వే కట్టాలె. మీ అత్తమ్మ మక్క గుడాలు, బోటి కూర పంపుతది, టిఫిన్ గిన్నెలు వాపస్ తెచ్చియ్యి, పోయినసారివి రెండు నీ దగ్గరనే ఉన్నయట.

మీ మామ